సల్వా తాగని కాఫీ

మిషన్ వాళ్లు తమ ఆడపిల్లలకు అరబీ నేర్పే పని నాకు అప్పగించింది నా ఓర్పు చూసి కాదు. కరక్ కొండల మీద మా చుట్టుపక్కల ఊళ్లలో వ్యాకరణం చదువుకున్న విధవరాలిని నేనొక్కదాన్నే. ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. మగదిక్కు లేని ఇల్లు కాబట్టి అందులో వాళ్ల పిల్ల ఉన్నా చెడ్డపేరు రాదు. అంతే. ఓర్పు నాకు పుట్టుకతోనే లేదు. మా ఆయన బతికున్నన్నాళ్లూ, "నజ్లా, నీ ముక్కు మీది కోపానికి కాగుతున్న పాలు కూడా విరిగిపోతాయే" అనేవాడు. అన్నవాడు పోయాడు, కోపం మిగిలింది.

ఆ ఏడు బార్లీ కోతలు మొదలయ్యాక సల్వా మా ఇంట్లో దిగింది. అసలు పేరు సోల్వెయ్. నార్వే దేశపు నర్సు. ఆ పేరు మా ఊళ్లో ఒక్కరి నోరూ తిరగలేదు. రెండు రోజులు తంటాలు పడి, మూడో రోజు అందరూ కలిసి ఆ పిల్లను సల్వాను చేసేశారు. గుమ్మంలో తల వంచుకుని వచ్చేంత పొడుగు మనిషి. మా ఎండకు ముక్కు కందిపోయి, ఎప్పుడూ పొరలు లేచిపోతూ ఉండేది.

మా ఇంటికి రాకముందే అమ్మాన్‌లో మిషన్ వాళ్ల తరగతిలో కూర్చుని కొంత నేర్చుకుంది. నేర్చుకున్నదంతా పుస్తకాల అరబీ. వచ్చిన రోజే ఉత్సాహంగా నాతో అబూ ఫరహ్ కొట్టుకు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, "ఓ వర్తకుడా, నాకు కొన్ని టమాటాలను దయచేయుము" అంది. ఆయన నోట్లో సిగరెట్ పారేసి గబుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏంటి నజ్లా, ఇది ప్రార్థనా? నేను కూడా ఆమెన్ అనాలా?" అన్నాడు నాతో.

"టమాటాలు కావాలిట. ముందు నవ్వడం ఆపి తూకం వెయ్యి" అన్నాను. నాకూ నవ్వొచ్చింది. కాని ఆ పిల్ల ముఖం చూసి మింగేశాను.

మిషన్ రూలు ప్రకారం చలికాలం ముందు అమ్మాన్‌లో పరీక్ష ఉంటుంది. అది పాసయ్యేదాకా వాక్యం చెప్పకూడదు, పెద్దవాళ్లెవరూ తోడు లేకుండా ఎడారిలో తిరిగే బెదూయిన్ల గుడారాలకు పోకూడదు. పరీక్ష పుస్తకాల భాషలోనే. మా ఊళ్లో ఆ భాష మాట్లాడేవాళ్లు ఇద్దరే. పాతికేళ్లుగా ఇక్కడే ఉన్న పాస్టర్ గుస్తావ్ గారు ఒకరు, ఆయనకు ఎదురు చెప్పేటప్పుడు నేను. ఆయన బజారులో గొర్రెపిల్లను బేరమాడినా శాసనం చదివినట్టు ఉండేది. పెద్దమనిషి, తెల్లగడ్డం, పైగా డాక్టర్ని తెచ్చి ఊరికి ఆసుపత్రి పెట్టించినవాడు. అందుకని ఆయన ముందు ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

పొద్దున పూట సల్వా ఆసుపత్రిలో పనిచేసేది, మధ్యాహ్నం నా దగ్గర పాఠం. అసలు పాఠం మాత్రం నా దగ్గర జరగలేదు. అది నౌఫా దగ్గర జరిగింది.

నౌఫా షేక్ నాయిఫ్ కూతురు. కోతలయ్యాక మా మళ్లలో మోళ్లు మేపుకోవడానికి వాళ్ల గుడారాలు ఏటా ఊట దగ్గర దిగేవి. మొదటి వాన పడ్డాక తూర్పున ఎడారిలోకి వెళ్లిపోయేవి. పదహారేళ్ల పిల్ల. క్షయ పట్టుకుంది. రోజూ గాడిదనెక్కి సూది మందుకు వచ్చేది. దాని తల్లి ఆ ముందేడు చలికాలంలో ఎడారిలో అదే దగ్గుతో పోయింది. ఆ సంగతి నౌఫా చాలా మామూలుగా చెప్పేది, మేక తప్పిపోయిందని చెప్పినట్టు. నోరు మాత్రం కత్తెర.

"ఏమ్మే సల్వా, నీకెన్నేండ్లు?"

"ఇరువది ఎనిమిది సంవత్సరములు."

"పెండ్లి?"

"కాలేదు."

"ఏం, మీ దేశంలో మగోళ్లు లేరా?"

సల్వా కాసేపు మాటలు వెతుక్కుంది. "కలరు. కాని నాకంటె పొట్టిగా నున్నారు."

"పీట ఎక్కించి పెండ్లి చేసుకోవల్సింది పిచ్చిదానా!" అని నౌఫా నవ్వి నవ్వి దగ్గు తెరలో పడింది. సల్వా భయపడి వీపు నిమిరింది. దగ్గు తగ్గగానే ఆ పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. "నొప్పి కలుగుచున్నదా అని అడగబాకు నన్ను. నొప్పి పారిపోతాది ఆ మాటకు. 'నొస్తాందా' అని అడుగు. ఏదీ, అను."

"నొస్తాందా."

"ఆఁ, నొస్తాంది. నీ సూది గాడిదకు పొడిచేది లెక్క ఉంది."

అట్లా ఆ వేసవంతా జరిగింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, దగ్గుకొకటి, ఊపిరికొకటి, ఆకలికొకటి, గొర్రెలను అదిలించడానికి నాలుగు, మొండి ఒంటెను తిట్టడానికి ఇంకెన్నో నేర్పింది. సల్వా మధ్యాహ్నం నా ముందు కూర్చుని పరీక్ష పుస్తకం తెరిచి, గుడారాల మాటలు మాట్లాడేది. నాకు ఒళ్లు మండేది.

"అమ్మాన్‌లో ఆ మాటలు రాస్తే సున్నా వేస్తారు. వ్యాకరణం చదువు!"

"నౌఫాకు వ్యాకరణం రాదు కదా అక్కా" అనేది తొణక్కుండా. అప్పటికి నన్ను టీచరుగారూ అనడం మానేసి అక్కా అనడం మొదలుపెట్టింది. అదీ నౌఫా నేర్పిందే.

ద్రాక్షలు అయిపోవచ్చి, పడమట మబ్బులు కనబడే రోజుల్లో ఒక పొద్దున సూది వేయించుకుని లేస్తూ నౌఫా, "వాన పడంగానే తూర్పుకు పోతాండాం. నీకు పీడ వదిలె. ఇంక ఎవర్ని పొడుస్తావో పొడుచుకో" అంది.

సల్వా చేతిలో దూది అట్లాగే ఉండిపోయింది. మందు వచ్చే వేసవి దాకా పడాలని, మధ్యలో ఆపితే జబ్బు ముదిరి తిరగబడుతుందని, అప్పుడు ఈ మందు పనిచెయ్యదని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. షేక్‌కు కూడా చెప్పాడు. ఆయన తల ఊపాడు. మా వైపు తల ఊపడమంటే విన్నానని మాత్రమే.

ఆ మధ్యాహ్నం పరీక్ష పుస్తకం తెరవలేదు. నౌఫాను ఆ చలికాలం మా ఇంట్లో ఉంచుకుంటే సరిపోతుందని నేనే అన్నాను. పెళ్లికాని పిల్లను ఆసుపత్రిలో పరదేశుల మధ్య వదిలి పోవడానికి షేక్ ఒప్పుకోడు, ఎవరూ ఒప్పుకోరు. కాని నా ఇల్లు వేరు. మా నాన్నా నాయిఫ్ తండ్రీ ఒక పళ్లెంలో తిన్నారు. మా అమ్మ ఇచ్చిన ఉన్ని పరుపు బయటకు లాగి ఎండలో వేసి కర్రతో దులిపాను. నాకు పిల్లల్లేరు. చలికాలమంతా ఆ గదిలో ఒక ఆడపిల్ల నవ్వు, కసుర్లు, గొడవ. అబద్ధమెందుకు, నాకు ఆశ పుట్టింది.

"అడిగినచో ఆయన ఇచ్చునా?" అంది సల్వా. కంగారు పడితే ఆ పిల్లకు మళ్లీ పుస్తకాల భాష వచ్చేసేది.

"ఊరికే అడిగితే ఇవ్వడు. కప్పు పెట్టి అడగాలి. విను. గుడారంలో నీకు కాఫీ పోస్తారు. తాగకు. కప్పు నీ ముందు నేల మీద పెట్టి ఊరుకో. ఎవరు చూసినా నోరు మెదపకు. అతిథి కాఫీ అట్లా చల్లారిపోతే షేక్‌కు తలవంపులు. ఆయనే అడుగుతాడు, నీకేం కావాలో అది ఇచ్చాను, కాఫీ తాగమని. అప్పుడు చెప్పు. ఆ మాట అన్నాక నువ్వేది అడిగినా ఇచ్చి తీరాలి."

"ఏదైనా?"

"ఏదైనా. ప్రాణం మీదికొచ్చినా. అందుకే ఎవరూ ఊరికే కప్పు కింద పెట్టరు. ఒకరింట్లో ఒక్కసారే. రెండోసారి పెడితే అది అడగడం కాదు, పీక మీద కూర్చోవడం."

చెప్పాల్సిన మాట నేనే కూర్చి పెట్టాను. "నౌఫాను ఈ చలికాలం నజ్లా ఇంట్లో ఉంచు." అంతే. పిండి కలుపుతూ అనుకుంది, బట్టలు ఆరేస్తూ అనుకుంది, కోళ్లకు గింజలు వేస్తూ అనుకుంది. మా కోళ్లకు కూడా ఆ మాట వచ్చేసి ఉంటుంది.

పెద్దవాళ్ల తోడు లేకుండా పోకూడదని రూలు ఉంది కదా. నేను పెద్దదాన్ని కానా? కానట. మిషన్ లెక్కలో నేను జీతగత్తెను. సల్వాకు దాచడం చేతకాదు. పాస్టరుగారు పరీక్ష చదువు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వచ్చినప్పుడు అంతా చెప్పేసింది, కప్పు సంగతితో సహా. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"మిగుల మంచి తలంపు. ఆ బాలికను గూర్చి నేనును ప్రార్థించుచున్నాను. మీతోకూడ నేనును వచ్చెదను, సహోదరీ నజ్లా."

"మీరెందుకండీ శ్రమ?" అన్నాను.

"శ్రమ కాదు, బాధ్యత" అన్నారాయన.

మర్నాడు జీపులో ముగ్గురం వెళ్లాం. షేక్ నాయిఫ్ గుడారం వాకిలి దాకా ఎదురొచ్చాడు. పాస్టరుగారిని తన పక్కన దిండ్ల మీద కూర్చోబెట్టాడు. సల్వా, నేను ఆడవాళ్ల వైపు తెర దగ్గర కూర్చున్నాం. తెర వెనక నౌఫా ఉందని దగ్గు చెబుతూనే ఉంది. మగవాళ్లు ఏడెనిమిది మంది, అందులో నాయిఫ్ బాబాయి ఒకడు, పళ్లు లేని ముసలాయన. కాఫీ గింజలు దంచారు, కాచారు, పోశారు. పాస్టరుగారు తాగి, ఇక చాలన్నట్టు కప్పు ఊపి ఇచ్చేశారు. నేను తాగాను. సల్వా తన కప్పు అందుకుని ముందు నేల మీద పెట్టింది.

వాన గురించి, మేత గురించి మాట్లాడుకుంటున్న వాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. సల్వా తల వంచుకుని కూర్చుంది. కప్పులోంచి ఆవిరి ఆగిపోయింది.

"అమ్మాయీ, కాఫీ తాగల్యా?" అన్నాడు షేక్.

సల్వా పలకలేదు. సెబాష్ అనుకున్నాను లోపల.

ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత అందరికీ వినబడేలా, "నీ కాఫీ తాగు తల్లీ. నీకేం కావాల్నో అది ఇచ్చినా" అన్నాడు.

సల్వా తలెత్తింది. పెదవులు విడివడ్డాయి. మొదటి మాట ఇంకా నోట్లోనే ఉంది. పాస్టరుగారు చెయ్యి ఎత్తారు.

"ఓ షేకా, దేవుడు నీ గృహమును ఆశీర్వదించును గాక. మా పక్షమున నేను మాటలాడెదను. ఊట ప్రక్కనున్న ఆ స్థలమును పాఠశాల నిమిత్తము మాకు దయచేయుము."

ఆ స్థలం ఆయన ఎన్నేళ్ల నుంచో అడుగుతున్నారు. నాయిఫ్ ఎన్నేళ్ల నుంచో తల ఊపుతున్నాడు.

షేక్ ముందు సల్వా కప్పు వంక చూశాడు. తర్వాత సల్వాను చూశాడు. తర్వాత పాస్టరుగారిని. ఆయనకు తెలుసు. ఎవరి కప్పో తెలుసు, ఆ పిల్ల దేనికొచ్చిందో తెలుసు. నేను ఈ రోజుకీ ఎవరి ముందైనా ఆ మాట అంటాను. తెలిసే, బరువు తక్కువైంది ఎత్తుకున్నాడు.

"పెద్దాయన అడిగినాడు. ఇచ్చినా" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "అది కాదు! ఆ పిల్ల అడగడానికొచ్చింది అది కాదు! కప్పు సల్వాది. నోరు తెరవాల్సింది సల్వా. నాయిఫ్, నీకు తెలీదా అది ఎవరి కప్పో?"

"నజ్లా, గొంతు దించు."

"దించను! నీ కూతురు తెర వెనక దగ్గుతోంది, వినబడడం లేదా నీకు?"

"కలిసి వచ్చినోళ్లల్లో పెద్దోని మాటే మాట. ఒక కప్పుకు ఒక మాట. నేను ఇచ్చేసినా. మీ నాయన మొగం చూసి ఊరుకుంటాండా, కూర్చో."

పళ్లు లేని ముసలాయన పక్కవాడితో నెమ్మదిగా, "చోటు పోతే పోయె. పిల్లను ఊర్లో వదిలినారనే మాట తప్పె" అన్నాడు. వాళ్లకు అది ఊరట. ఆ ముఖాల్లో నాకది కనబడింది.

తెర వెనక దగ్గు వినబడడం మానేసింది. సల్వా కప్పు ఎత్తి, పెదవుల దాకా తీసుకుపోయి, తాగకుండా మళ్లీ నేల మీద పెట్టేసింది. ఈసారి ఆ కప్పు వైపు ఎవరూ చూడలేదు.

జీపు గుట్ట దిగుతుంటే పాస్టరుగారు కృతజ్ఞతా కీర్తన ఒకటి కూనిరాగం తీస్తున్నారు. ఆయన అసలు తప్పు చేశాననుకోలేదు. అదే నన్ను నిలువునా కాల్చేసింది.

"ఏం చేశారో తెలుసా మీరు?" అన్నాను.

"సహోదరీ, ఒక బాలిక మేలా, నూర్లకొలది బాలబాలికల మేలా? వారు చదువుకొందురు. వారిలోనుండి వైద్యులు బయలుదేరుదురు. రాబోవు తరముల యందు ఇట్టి రోగము వలన ఏ బాలికయు చనిపోదు. ద్వారము తెరువబడినప్పుడు ప్రవేశింపవలెను గదా."

"ద్వారం ఎవరు తెరిచారు? ఆ పిల్ల తెరిచింది! ఆ ఒక్క మాట కోసం కోళ్ల ముందు కూడా పాఠం అప్పజెప్పింది. మీరు దాని ముందు నుంచి దూరి పోయారు."

"నీవు కోపముగా నున్నావు."

"ఉన్నాను. ఒక మనిషిని ముప్పై వెండి నాణేలకు పట్టిచ్చిన సొమ్ముతో కొన్న పొలం ఒకటుంది కదా, ఏటా ఈస్టరుకు ముందు మీరే మాకు చదివి వినిపిస్తారు. దాని పేరేంటి పాస్టరుగారూ, రక్తపు పొలం కాదూ?"

పాస్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. "కోపము నిన్ను పాపములోనికి నడిపించును" అన్నారు.

"నడిపించనీ. బండి ఆపండి."

ఆపారు. దిగాను. ఇంటికి ఇంకా చాలా దూరం ఉంది, ఎండ నెత్తి మీద ఉంది, కాళ్లకు మంచి చెప్పులు కూడా లేవు. అయినా దిగాను. వెనక తలుపు చప్పుడైంది. చూస్తే సల్వా కూడా దిగి నిలబడింది.

దారంతా దాన్ని తిట్టాను. ఆయన మీద కోపం దాని మీద పోశాను. "చెయ్యి ఎత్తితే నోరు మూసుకుంటావా? అరవలేకపోయావా? ఒంటెను తిట్టడానికి అన్ని మాటలు నేర్చుకున్నావు కదే, ఒక్కటి తియ్యలేకపోయావా?" ఇల్లు చేరాక అది వాకిట్లో ఎండిన పరుపు మీద కూర్చుని తన భాషలో ఏదో అంటూ ఏడ్చింది. నేను అర్థం అడగలేదు. పొయ్యి దగ్గరికి పోయి రొట్టెలు కాల్చాను. అన్నీ మాడ్చాను.

పొద్దు వాలాక సల్వా ముఖం కడుక్కుని పాఠానికి వచ్చి కూర్చుంది. పరీక్ష పుస్తకం తెచ్చుకోలేదు.

"అక్కా, 'నెత్తురు పడుతోందా' అని గుడారాల్లో ఎట్లా అడుగుతారు? నీళ్లు కాచమని ఎట్లా చెప్పాలి? దాని పళ్లెంలో ఇంకెవరూ తినకూడదని, కోపం రాకుండా ఎట్లా చెప్పాలి?"

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మళ్లీ మండింది.

"పిచ్చి పట్టిందా నీకు? చలికాలం ఎడారి అంటే ఏమనుకుంటున్నావు? గాలికి గుడారాలు ఎగిరిపోతాయి. రాత్రి కప్పుకున్న దుప్పటి పొద్దున్నే గడ్డకట్టి నిలబడుతుంది. ఇక్కడ నీకు జ్వరమొస్తే డాక్టరున్నాడు, అక్కడ ఎవరున్నారు? ఆ దగ్గు నీకంటుకుంటే?"

"నౌఫా మందు దగ్గరికి రాలేకపోతే మందు నౌఫా దగ్గరికి పోవాలి కదా."

"నేర్పను పో" అన్నాను.

మర్నాడు నేర్పాను. నేర్పక ఏం చేస్తాను? తప్పు పలికిన ప్రతిసారీ కసిరి కసిరి నేర్పాను. కళ్లలో నీళ్లొచ్చినప్పుడల్లా లేచి కోళ్లను తోలాను.

పాస్టరుగారికి సంగతి తెలిసి వచ్చారు. గడపలోనే నిలబడ్డారు. నేను లోపలికి రమ్మనలేదు.

"పరీక్షకు రానియెడల, అనుమతి లేకుండ పోయినయెడల, మిషనుతో నీకిక సంబంధముండదు. నీ ఖర్చును, నీ ప్రయాణమును, నీ పేరును మేము భరింపము. బాగుగా ఆలోచించుకొనుము" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే బాధపడుతున్నారు. అది ఇంకా చిరాకు.

సల్వా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సూదులు ఉడకబెట్టే డబ్బా ఆసుపత్రిలో రెండు ఉన్నాయి. ఒకటి ఇస్తారా?" అంది. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

సాయంత్రం డ్రైవరు చేత డబ్బా పంపారు. దానితో పాటు నౌఫా పేరున వచ్చిన మందంతా కట్టి పంపారు. ఇవ్వకపోయి ఉంటే తిట్టుకోవడానికి నాకు తేలికగా ఉండేది.

వాన పడింది. ఊట దగ్గర గుడారాలు విప్పుతుంటే నేనూ సల్వా వెళ్లాం. దాని భుజాన మందుల మూట, నా చేతిలో నావి పాత కోటు, ఉన్ని మేజోళ్లు, మాడకుండా కాల్చిన రొట్టెలు. షేక్ నాయిఫ్ ఒంటె తాళ్లు బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సల్వా తిన్నగా ఆయన ముందుకు పోయి నిలబడింది.

"నేను గూడా వస్తాండా."

"ఎవరి పని మీద?"

"నౌఫా పని మీద."

ఆయన తాడు వదిలేశాడు. "మమ్మల్ని ఏమన్నా అడుగుతాండావా?"

"ఏం అడగను. వస్తాండా, అంతే."

"అతిథిని పొమ్మనే నోరు నాకు లేదు" అన్నాడు. నా వైపు చూడకుండానే, "నజ్లా, నువ్వు నన్నేమన్నా అనుకో" అన్నాడు.

"అనుకోవడమేంటి, ముఖం మీదే అంటున్నా. ఆ రోజు నువ్వు పిరికివాడివైపోయావు నాయిఫ్. ఇద్దర్నీ తీసుకుపోతున్నావు, ఇద్దర్నీ తెచ్చి నా గుమ్మంలో నిలబెట్టు. లేకపోతే మీ నాన్న తిన్న పళ్లెం తెచ్చి నీ కళ్లముందు పగలగొడతాను."

ఆయన తాడు మళ్లీ అందుకున్నాడు. ఒంటె మీద మూటల మధ్య దుప్పట్లలో చుట్టి కూర్చోబెట్టిన నౌఫా మాత్రం పైనుంచి అరిచింది.

"నజ్లత్తా! నన్ను పెట్టి చోటు కొన్నారంట కదా మీవోళ్లు. చోటు పెద్దదేనా? లేక నన్ను అగ్గువకు కొట్టేసినారా?"

దాని తండ్రి తల ఎత్తలేదు. నాకు నవ్వు రాలేదు. "నోరు ముయ్యవే, చల్లగాలి పోతుంది" అని కసిరాను. సల్వా నడవడం మొదలుపెట్టింది. గుంపులో అందరికంటే పొడుగు కాబట్టి చాలా దూరం దాకా కనబడింది.

ఆ చలికాలం నా ఇంట్లో మనిషి చప్పుడు లేదు. మిషన్ వాళ్లు ఇంకొక పిల్లను పంపుతామంటే వద్దన్నాను. జీతం ఆగిపోయింది, పోనీ అనుకున్నాను. ఊట పక్కన గోడలు లేచాయి. ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు ఆ స్థలం దొరికిన అద్భుతం గురించి చెప్పినప్పుడల్లా నేను గట్టిగా దగ్గేదాన్ని. ఆయన ఆగేవారు. తర్వాత ఆ మాట చెప్పడం మానేశారు.

వేసవి మొదట్లో వాళ్లు తిరిగొచ్చారు. నౌఫా బుగ్గలు వచ్చి, గాడిద మీద కాకుండా నడిచి వచ్చింది. సల్వా సగమైపోయింది, ముఖం ఎండిన తోలులా ఉంది. నాయిఫ్ ఇద్దర్నీ నా గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాడు. మిగిలిన మందు నా ఇంట్లోనే పూర్తయింది. ఆఖరి సూది వేసిన రోజున ముగ్గురం ఏడ్చాం, నేనెక్కువ ఏడ్చాను. మిషన్ వాళ్లు సల్వా పేరు కొట్టేశారు. పేరు లేకపోతే ఇక్కడ ఉండటానికి కాగితాలుండవు. ద్రాక్షలు పండకముందే దాన్ని వాళ్ల దేశం పంపేశారు. పుస్తకాల అరబీ బాగా వచ్చిన పిల్ల ఒకతి దాని చోటులోకి వచ్చింది.

నౌఫా బతికింది. పెళ్లి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కంది, ఇప్పుడు మా ఊరి చివరే ఇల్లు కట్టుకున్నారు. నాతో రోజూ పోట్లాడుతుంది. దాని పెద్దకూతురు ఊట పక్కన బడిలో చదువుతోంది. మంచి బడి. ఆ మాట కాదనను. కాదనలేకపోవడమే నా గొంతులో ముల్లు.

మొన్న ఆ పిల్ల బడి నుంచి వస్తూ నా దగ్గర ఆగింది. రొట్టె నములుతూ, "అవ్వా, మా బడి చోటు మా తాత ఇచ్చినాడంట కదా. పాస్టరు అడిగితే ఇచ్చినాడంట. గుమ్మం మీద రాతిలో ఇద్దరి పేర్లూ ఉండాయి" అంది.

"రాతి మీద నూరు రాస్తారు. ఆ చోటు ఇచ్చింది మీ తాత కాదే, మీ అమ్మ."

పిల్ల నమ్మలేదు. నమలడం ఆపి నా ముఖంలోకి చూసింది. "అమ్మనా? మరి అమ్మను ఎవరడిగినారు?"

"అదేనే నేనూ అడిగేది" అన్నాను.